నిన్నటి తోటి కార్మికులకు నేడు సూపర్‌వైజరునయ్యాను: వాళ్ల నమ్మకం నిలబెట్టుకోవడం ఎలా?

నూలుకండె (రాజాం)

అందరికీ నమస్కారం. రాజాం వైపు ఒక జూట్ మిల్లులో స్పిన్నింగ్ విభాగంలో చాలాకాలం ఫ్రేము మీద పనిచేశాను. ఈ వేసవిలో నన్ను షిఫ్టు సూపర్‌వైజరును చేశారు. నా షిఫ్టులో ఉన్నవాళ్లు ఎక్కువగా మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. నాతో ఒకే ఆటోలో పనికి వచ్చినవాళ్లు, నాకు పని నేర్పిన పెద్దవాళ్లు కూడా ఉన్నారు. నిన్నటిదాకా వరస పెట్టి పిలిచినవాళ్లు ఇప్పుడు నేను దగ్గరికి వస్తే మాట ఆపేస్తున్నారు.

నాకు ముందున్న సూపర్‌వైజరు చెడ్డవాడేమీ కాదు. అయితే ఎవరేమి అడిగినా సరేనన్నాడు. దసరా తర్వాత జరిగే విజయనగరం సిరిమానోత్సవం నాటికి బోనస్ చేతికి వస్తుందన్నాడు, రాలేదు. బదిలీ కార్మికుల్లో, అంటే పర్మినెంటువాళ్లు రాని రోజున వాళ్ల బదులు పనికి పిలిచేవాళ్లలో, కొందరిని పర్మినెంటు చేయిస్తానన్నాడు, అది ఆయన చేతిలో లేని పని. అందుకే ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా మాట నమ్మకూడదని మా వాళ్లు తీర్మానించుకున్నారు.

అసలు చిక్కు ఇది. ముడినార ధర పెరిగిందని, సరుకు అందడం లేదని, వచ్చే నెల మధ్య నుంచి మూడు షిఫ్టులను రెండు చేయాల్సి రావచ్చని మేనేజరు గారు నన్ను పిలిచి చెప్పారు. ఇంకా ఖరారు కాలేదు కాబట్టి ఎవరికీ చెప్పవద్దన్నారు. ఇక్కడేమో రోజూ ఎవరో ఒకరు అడుగుతున్నారు. నిన్న ఒక బదిలీ కార్మికుడు, నాకు బాబాయి వరస, పక్కకు పిలిచి అడిగాడు: ‘కూతురి పెళ్లికి అప్పు తెస్తున్నాను. మిల్లు నడుస్తుంది కదా బాబూ?’ తెలియదంటే అబద్ధమవుతుంది. తెలుసంటే పై వాళ్లకు ఇచ్చిన మాట పోతుంది. అప్పటికి ‘రేపు మాట్లాడుకుందాం బాబాయ్’ అని పంపాను. ఆ రేపు వచ్చేసింది. ఇలాంటి స్థితిని దాటి వచ్చినవాళ్లు దారి చెప్పండి.


డిపో పాతకాపు (శ్రీకాకుళం)

తమ్ముడూ, ముందు ఒక్కటి గట్టిగా పట్టుకో. తెలిసినదాన్ని తెలియదని మాత్రం అనకు. చెప్పలేను అనడానికీ తెలియదు అనడానికీ చాలా తేడా ఉంది. మొదటిది విన్నవాడికి ఆ పూట కోపం వస్తుంది. రెండోది అబద్ధమని తేలిన రోజున మనిషే దూరమవుతాడు.

నేను ఆర్టీసీ డిపోలో కంట్రోలరుగా పనిచేసి రిటైరయ్యాను. డ్రైవర్లు, కండక్టర్లతో గొడవంతా డ్యూటీ చార్టు దగ్గరే. ఘాట్ రోడ్డు ఎవరికి, రాత్రి బస ఉన్న సర్వీసు ఎవరికి, పండగపూట ఇంటి దగ్గరుండేది ఎవరు. మనిషి మంచివాడా కాదా అని ఎవరూ ఆలోచించరు, చార్టు చూసి తేల్చేస్తారు. నేను చార్టును ముందుగానే గోడకు పెట్టేవాణ్ణి. ఆ తర్వాత ఏ పేరు మారినా పాత పేరు కనిపించేలా కొట్టేసి, ఎర్ర సిరాతో కొత్త పేరు, పక్కనే కారణం రాసి సంతకం పెట్టేవాణ్ణి. ‘తల్లికి ఒంట్లో బాగాలేదు, సెలవు’ అని ఉంటే ఎవరూ గుసగుసలాడరు. కారణం రాయడానికి మనసొప్పని మార్పును చేసేవాణ్ణే కాదు. పై నుంచి సిఫారసు ఫోను వచ్చినా ఆ కాగితమే నాకు అడ్డుకట్ట. ‘కారణం గడిలో ఏమని రాయమంటారు సార్’ అని అడిగితే అవతలివాళ్లే వెనక్కి తగ్గేవారు.

మా బావమరిది కూడా అదే డిపోలో డ్రైవరు. సంక్రాంతి నాడు దూరప్రాంతపు డ్యూటీ వరసలో అతనికే పడింది, అతనికే వేశాను. ఇంట్లో చాలా మాటలు పడ్డాను. కానీ ఆ తర్వాత చార్టు విషయంలో నా దగ్గరికి పంచాయితీకి వచ్చినవాళ్లు బాగా తగ్గారు.


సంఘం మనిషి (విజయనగరం)

నూలుకండె గారూ, మీ మంచితనాన్ని శంకించడం లేదు. అయితే కాగితం ఇవ్వడం ఇష్టం లేని ప్రతి యాజమాన్యమూ నమ్మకం గురించే మాట్లాడుతుంది. నా అనుభవంలో కార్మికుడికి కావలసింది తేదీ వేసి సంతకం పెట్టిన కాగితం. అది ఉంటే సూపర్‌వైజరు ఎలాంటివాడైనా పరవాలేదు.

మీకు పనికొచ్చే విషయం చెబుతాను. స్టాండింగ్ ఆర్డర్లలో, అంటే మిల్లు పని నిబంధనల్లో, ఉన్న పద్ధతికి భిన్నంగా షిఫ్టును ఎత్తివేయాలన్నా మార్చాలన్నా 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 9ఏ సెక్షను చెప్పింది అదే. కొత్తగా వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఆ 21 రోజులను అలాగే ఉంచింది. మీ మేనేజరు చెప్పినట్టు వచ్చే నెల మధ్యలో మార్పు జరగాలంటే, వెనక్కి లెక్కపెట్టండి, నోటీసు ఈ నెలలోనే గోడ మీదికి రావాలి. అంటే మిమ్మల్ని దాచమన్న రహస్యం ఆయుష్షు కొద్ది రోజులే. ముందు స్టాండింగ్ ఆర్డర్ల ప్రతి తెప్పించుకుని చదవండి. తర్వాత మేనేజరు దగ్గరికి వెళ్లి ‘నోటీసు ఎప్పుడు పెడుతున్నారు సార్’ అని అడగండి. ‘పెడతారా’ అని మాత్రం అడగవద్దు.

బోనస్ సంగతి కూడా. 1965 బోనస్ చట్టం ప్రకారమైనా, దాని స్థానంలో వచ్చిన వేతనాల కోడ్ ప్రకారమైనా లెక్కల సంవత్సరం ముగిశాక ఎనిమిది నెలల్లోపు చెల్లించాలి. మార్చితో లెక్కలు మూసే సంస్థకు నవంబరు నెలాఖరు దాకా గడువుంటుంది. సిరిమాను అంతకుముందే వస్తుంది. అకౌంట్స్ విభాగాన్ని ఒక్కమాట అడిగి ఉంటే మీ ముందటాయన ఆ తేదీ నోటివెంట రానిచ్చేవాడు కాదు.


బొబ్బిలి సంఘం లీడరు

మా డ్వాక్రా సంఘంలో ప్రతి సమావేశంలోనూ పుస్తకం పైకి చదువుతాం. ఎవరు ఎంత పొదుపు కట్టారు, ఎవరి వాయిదా ఆగింది, బ్యాంకులో ఎంత ఉంది, అన్నీ. చదువు రాని సభ్యురాలికి కూడా తన అంకె నోటికి వచ్చు. లీడరు మారినా సంఘం నిలబడేది అందుకే. మీ మిల్లులో పైకి చదవదగ్గది ఏముందో వెతకండి అన్నా.


పలాస జీడి (పలాస)

నేను జీడిపప్పు ప్రాసెసింగ్ యూనిట్‌లో పని చూసే మనిషిని. మా దగ్గర పనిచేసేవాళ్లు దాదాపు అందరూ ఆడవాళ్లే. పిక్క కొట్టినా, పొట్టు తీసినా, గ్రేడు వేరుచేసినా కిలో లెక్కన కూలి. పిక్క పెంకులోని జిడ్డు తగిలితే చేతులు పొక్కుతాయి. అంత కష్టపడి తీసిన పప్పుకు తూకం దగ్గర అన్యాయం జరుగుతోందన్న అనుమానం మనసులో పడితే, ఆ తర్వాత ఏం చెప్పినా ఎక్కదు.

నేను వచ్చేసరికి తూకం మిషను అంకెలు గుమస్తా వైపు తిరిగి ఉండేవి. ఆయన చూసేవాడు, ఆయనే చెప్పేవాడు, ఆయనే రాసుకునేవాడు. ఆయన దొంగ కాదు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ అవతల నిలబడ్డ మనిషికి ఎలా తెలుస్తుంది? మిషను తిప్పించాను. ఇప్పుడు ముందు ఖాళీ గిన్నె పెడతాం, అంకె సున్నా చేస్తాం, ఆ సున్నాను ఆమె చూస్తుంది. తర్వాత పప్పు పోస్తాం. బరువు పైకి చదివేది ఆమె, రాసేది గుమస్తా. అంకెలు రానివాళ్లకు పక్కనున్న మనిషి చదువుతుంది. గుండ్లెన్ని, బద్దలెన్ని అన్న తగవు వచ్చినా అక్కడే, ఆ జల్లెడ ముందే తేలుతుంది. మొదట్లో గుమస్తా నొచ్చుకున్నాడు, ‘నన్ను అనుమానిస్తున్నారా అమ్మా’ అన్నాడు. ‘రేపు నీ మీద ఎవరైనా నింద వేస్తే ఈ ఆడవాళ్లే నీకు సాక్ష్యం చెబుతారు’ అన్నాను. తర్వాత ఒక పండగ ముందు సరుకు తగ్గిందని గొడవ వచ్చినప్పుడు జరిగింది అదే.

ఇంకొకటి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా మీద పడింది. ఉద్దానంలో జీడితోటలు, కొబ్బరితోటలు నేలకూలాయి. కరెంటు లేదు, రేకులు ఎగిరిపోయాయి. యజమాని మూడో రోజున గేటు దగ్గరికి వచ్చి అందరినీ కూర్చోబెట్టాడు. ‘గోడౌన్‌లో పిక్కలు తడిశాయి. ఎన్ని బస్తాలు పనికొస్తాయో ఇంకా తెలియదు. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. పాత కూలి బాకీ మాత్రం ఇవాళే ఇస్తున్నాను. మళ్లీ సోమవారం పొద్దున ఇక్కడే నిలబడి అప్పటికి తెలిసింది చెబుతాను’ అన్నాడు. సోమవారం వచ్చాడు. చెప్పడానికి కొత్త సంగతి లేదు. ఆ మాటే చెప్పి వెళ్లాడు. కొత్త విషయం లేకపోయినా చెప్పిన రోజున వచ్చి నిలబడ్డాడు చూడండి, ఆ తర్వాత పక్క యూనిట్లు ఎక్కువ కూలి ఇస్తామన్నా మావాళ్లు చాలామంది కదల్లేదు.


సంఘం మనిషి (విజయనగరం)

పలాస జీడి గారూ, మీ తూకం మిషను నాకు బాగా నచ్చింది. నేను కాగితమంటున్నాను, మీరు మిషను తిప్పడమంటున్నారు. రెండూ ఒకటే. సరిచూసుకునే హక్కు అవతలివాడి చేతిలో పెట్టడం.


నాగావళి నర్సు (శ్రీకాకుళం)

సంఘం మనిషి గారితో ఒక దగ్గర నేను ఏకీభవించలేను. కాగితం, తూకం, చార్టు, ఇవన్నీ పైవాడి లెక్కను కిందివాడు సరిచూసుకోవడానికి. మరి కిందివాడికి మాత్రమే తెలిసిన విషయం పైకి ఎలా వస్తుంది? అది ఏ చట్టంతోనూ రాదు.

ఆసుపత్రి వార్డులో హెడ్ నర్సుగా నేను రోజూ చూసేది ఇదే. మందు మోతాదు తప్పితే మొదట తెలిసేది ఇచ్చిన అమ్మాయికే. ఆమె పది నిమిషాల్లో నా దగ్గరికి వస్తే రోగికి విరుగుడు ఉంటుంది. భయపడి మింగేస్తే అది ఎటు పోతుందో తెలియదు. హార్వర్డ్ ఆచార్యురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1996లో ప్రచురించిన పరిశీలన ఒకటుంది. ఆసుపత్రి నర్సింగ్ బృందాల్లో మందుల పొరపాట్ల మీద చేశారు. మంచి బృందాల్లో పొరపాట్లు తక్కువగా ఉంటాయని ఆమె అనుకున్నారు. లెక్క చూస్తే మంచి బృందాల్లోనే ఎక్కువగా నమోదయ్యాయి. వాళ్లు ఎక్కువ పొరపాట్లు చేస్తున్నారని దాని అర్థం కాదు, దాచకుండా చెబుతున్నారు అని ఆమె విశ్లేషించారు. తర్వాత 1999లో ఒక తయారీ సంస్థలోని 51 బృందాలను పరిశీలించి, మాట్లాడితే చులకన చేయరు, శిక్షించరు అన్న ధీమా ఉన్నచోట జనం నేర్చుకుంటారని రాశారు.

నా వార్డులో పద్ధతి చెబుతాను. ఎవరైనా వచ్చి ‘మేడం, ఇలా జరిగింది’ అంటే నా మొదటి ప్రశ్న రోగి గురించే: ‘ఇప్పుడు ఎలా ఉన్నారు?’ ఇద్దరం మంచం దగ్గరికి వెళతాం. డాక్టరు గారికి ఫోను చేసేటప్పుడు ఆ అమ్మాయిని పక్కనే నిలబెట్టుకుంటాను. ఎందుకు జరిగిందన్న ప్రశ్న రోగి కుదుటపడ్డాకే. అప్పుడు చూస్తే తరచుగా ఒకేలాంటి రెండు సీసాలు ఒకే అరలో ఉంటాయి. అరుపుతో మొదలుపెడితే ఆ సీసాల సంగతి ఎన్నటికీ బయటికి రాదు. మొదటిసారి వచ్చిన మనిషిని ఎలా చూశారన్నది మిగతా వార్డంతా గమనిస్తుంది. రెండో మనిషి వస్తుందా రాదా అన్నది అక్కడే తేలిపోతుంది.

నూలుకండె గారూ, మీ షిఫ్టులో ఫ్రేము పాడైతే ముందు ఎవరికి చెబుతున్నారు? మీకా, ఫిట్టరుకా?


నూలుకండె (రాజాం)

నర్సమ్మ గారూ, సరిగ్గా అడిగారు. నేరుగా ఫిట్టరు దగ్గరికే పోతున్నారు. దారం ఎక్కడ ఎక్కువ తెగుతోందో నాకు కండెలు చూస్తే అర్థమవుతోంది తప్ప నోటితో ఎవరూ చెప్పడం లేదు. మా దగ్గర మిషన్ల మోతకు చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి, అంత కష్టపడి నాతో చెప్పాలని ఎవరికీ లేదు.

బాబాయి మళ్లీ అడిగాడు. ఆయనకు ఒక్కడికే చెబితే తప్పా? పెళ్లి అప్పు చిన్న విషయం కాదు. నూటికి మూడు రూపాయల వడ్డీ అట.


పైడిభీమవరం బ్యాచ్

నర్సు గారి మాటకు చిన్న చేర్పు. నేను మందుల తయారీ పరిశ్రమలో బ్యాచ్ రికార్డులు చూస్తాను. పొరపాటు వేరు, దాపరికం వేరు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేస్తే మంచివాళ్లకే నష్టం. మా రికార్డులో అంకె తప్పు పడితే దాని మీద ఒకే గీత గీస్తాం. పాత అంకె చదవడానికి వీలుగా ఉండాలి. పక్కన సరైన అంకె, సంతకం, తేదీ, కారణం. వైట్‌నర్ పూయడం, మీద దిద్దడం, కాగితం చింపడం నిషిద్ధం. గీత గీసినవాణ్ణి ఎవరూ ఏమీ అనరు. దిద్దినవాడి మీద మాత్రం విచారణ ఉంటుంది. ఈ తేడా కొత్తగా చేరిన కుర్రాడికి మొదటి వారంలోనే చెప్పేస్తాం.

షిఫ్టు నడిపేవాళ్ల మాటకు కూడా ఇదే పద్ధతి ఉండాలని నా అభిప్రాయం. నిన్న ఒకటి చెప్పి ఇవాళ పరిస్థితి మారితే, నిన్నటి మాట తాను అననట్టు నటించకూడదు. ‘నిన్న ఇలా చెప్పాను, ఇవాళ ఈ కారణంగా ఇలా మారింది’ అని రెండూ కలిపి చెప్పాలి.


పలాస జీడి (పలాస)

ఆ బాబాయికి చెప్పండి తమ్ముడూ. మూడు రూపాయల వడ్డీ అంటే లక్షకు నెలకు మూడు వేలు. పని సగమైతే ఆ ఇల్లు ఎలా తేరుకుంటుంది? తర్వాత మీ మొహం ఆయన ఎలా చూస్తాడు?


సంఘం మనిషి (విజయనగరం)

వద్దు. నేను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. ఆయన మీకు బాబాయి వరస కాబట్టి మిమ్మల్ని పక్కకు పిలిచి అడగగలిగాడు. అడగలేనివాళ్లు ఎంతమంది ఉన్నారు? ఒడిశా నుంచి వచ్చి గదుల్లో ఉండేవాళ్లు, మీ కులంవాళ్లు కానివాళ్లు, మీ ఊరివాళ్లు కానివాళ్లు. వాళ్లకూ అప్పులున్నాయి. సాయంత్రానికి సంగతి ఎలాగూ మిల్లంతా పాకుతుంది. అప్పుడు ‘తన వాళ్లకు ముందే చెప్పుకున్నాడు’ అన్న మాట మీ మీద పడుతుంది. అది పడితే మీ ముందటాయన పోగొట్టినదానికంటే ఎక్కువ పోతుంది.


డిపో పాతకాపు (శ్రీకాకుళం)

ఈ ఒక్క విషయంలో సంఘం మనిషి వైపే నేనూ. అలాగని బాబాయిని గాలికి వదిలేయడం కూడా కుదరదు. అందరికీ ఒకే మాట తయారుచేసుకో: ‘మిల్లు సంగతి నాకు తెలిసినదంతా ఇప్పుడు చెప్పే స్థితిలో లేను. ఫలానా రోజున అందరికీ చెబుతాను. అప్పటిదాకా పెద్ద అప్పులు చేయకండి.’ అడిగినవాడికీ అడగనివాడికీ అదే.


గంటస్తంభం (విజయనగరం)

పాతకాపు గారూ, ‘పెద్ద అప్పులు చేయకండి’ అంటే ఇక చెప్పకుండా మిగిలిందేముంది? నేను కొన్ని పరిశ్రమల్లో సిబ్బంది వ్యవహారాలు చూసే పర్సనెల్ ఆఫీసరుగా చేశాను కాబట్టి మేనేజరు వైపు నుంచి కూడా ఒకసారి చూడమంటాను. మన జిల్లాల నుంచి విశాఖకు, హైదరాబాదుకు, చెన్నైకి భవన నిర్మాణ పనులకు రోజూ జనం వెళుతున్నారు. మిల్లు మూతపడుతుందన్న పుకారు పుడితే నైపుణ్యం ఉన్నవాళ్లు ముందు పోతారు. తర్వాత రెండు షిఫ్టులు నడపడానికీ మనుషులుండరు. ఆయన భయం నిజమైనదే.

అయితే దాచడం దానికి మందు కాదు. జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ అనే పరిశోధకుడు 1990లో ప్రచురించిన ఒక పరిశీలన నేను తరచూ తలుచుకుంటాను. ఒక కంపెనీ తన కర్మాగారాల్లో పది వారాలపాటు జీతం 15 శాతం తగ్గించింది. ఒక కర్మాగారంలో కంపెనీ పెద్ద వచ్చి లెక్కలు చూపించి, ఎందుకు తప్పడం లేదో వివరించి, బాధపడుతున్నామని చెప్పి, ప్రశ్నలన్నిటికీ జవాబిచ్చాడు. మరోచోట ముక్తసరిగా చెప్పి వెళ్లిపోయారు. జీతం కోత రెండుచోట్లా ఒకటే. కానీ ముక్తసరిగా చెప్పినచోట సంస్థ సొత్తు దొంగతనాలు బాగా పెరిగాయి, వివరంగా చెప్పినచోట పెరుగుదల అంతకంటే తక్కువ. అంటే కోత కంటే, మమ్మల్ని లెక్కలోకి తీసుకోలేదన్న భావమే ఎక్కువ చెరిచింది.

కాబట్టి నూలుకండె గారూ, చెప్పే రోజు వచ్చినప్పుడు కారణం పూర్తిగా చెప్పండి. ఒకప్పుడు మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనే గోగునార విరివిగా పండేది, భీమునిపట్నం పేరు మీద బిమ్లీ జూట్ అనేవారు. ఆ సాగు తగ్గిపోయింది. ఇప్పుడు ముడినారకు బెంగాల్ వైపు చూడాలి. ప్రభుత్వం కొనే గోనెసంచుల ధర ప్రభుత్వమే నిర్ణయిస్తుంది కాబట్టి నార పెరిగినప్పుడల్లా మిల్లు తన ఇష్టానికి సంచి ధర పెంచడానికి వీల్లేదు. నార మోసిన చేతులకు ఈ లెక్క ఎవరూ చెప్పరు. చెబితే మనకంటే బాగా అర్థం చేసుకుంటారు.


నాగావళి నర్సు (శ్రీకాకుళం)

గంటస్తంభం గారు చెప్పింది నిజమే, ఆ మాట అంటే సగం చెప్పినట్టే. అందుకే ముందు మేనేజరు దగ్గరికే వెళ్లాలి. ‘నన్ను రోజూ అడుగుతున్నారు. నేను తెలియదని అనను. ఇదిగో, నేను చెప్పబోయే మాటలు ఇవి’ అని కాగితం ఆయన ముందు పెట్టండి. కింది వాళ్లతో ఒకటి, పై వాళ్లతో ఒకటి మాట్లాడేవాణ్ణి ఇద్దరూ నమ్మరు. మీరు కాపాడుకోవలసిన నమ్మకంలో మేనేజరుది కూడా ఉంది.


సంఘం మనిషి (విజయనగరం)

నోటీసు తేదీ అడగడం మరవకండి. జీతం ఏడో తేదీలోపు, పీఎఫ్ పదిహేనులోపు జమ కావాలి, అవి కూడా ఈ సందడిలో వెనక్కి పోనివ్వకండి. పీఎఫ్ పాస్‌బుక్ ఫోనులో ఎలా చూసుకోవాలో మీ షిఫ్టువాళ్లకు మీరే నేర్పించండి. మిల్లు జమ చేసిందో లేదో వాళ్లే చూసుకుంటారు. యాజమాన్యం మనిషి అయ్యుండి ఆ పని నేర్పిన సూపర్‌వైజరును నేను ఇంతవరకు చూడలేదు, మీరు మొదటివారు కండి.


నూలుకండె (రాజాం)

వారం తర్వాత రాస్తున్నాను. కాగితం మీద మూడు వాక్యాలు రాసుకుని మేనేజరు గారి దగ్గరికి వెళ్లాను. ముందు కోప్పడ్డారు. ‘నువ్వు ఎవరి మనిషివి’ అన్నారు. ‘తెలియదని చెప్పి రేపు దొరికిపోతే ఎల్లుండి నేను పని చేయమన్నా ఎవరూ చేయరు సార్, అప్పుడు మీకూ నేను పనికిరాను’ అన్నాను. 21 రోజుల సంగతి కూడా అడిగాను. అది ఆయనకు తెలుసు, కాకపోతే చివరి రోజు దాకా ఆగుదామని ఉన్నారు. రెండు రోజుల తర్వాత పై వాళ్లతో మాట్లాడి నోటీసు పెట్టించారు.

మధ్యాహ్నం రెండు గంటలకు షిఫ్టు మారేటప్పుడు, లోపల మోతలో కాకుండా, బయట సైకిల్ స్టాండు దగ్గర రెండు షిఫ్టులవాళ్లనూ నిలబెట్టి చెప్పాను. నార ధర, సంచి ధర, గంటస్తంభం గారు చెప్పిన వరసలోనే. మాకు పని నేర్పిన పెద్దాయన అడిగాడు: ‘నీకు ఎప్పుడు తెలిసింది?’ ‘పోయిన వారమే తెలిసింది. చెప్పవద్దన్నారు. చెప్పడానికి అనుమతి అడిగి తెచ్చుకున్నాను’ అన్నాను. కొందరు తిట్టారు. ఇద్దరు మర్నాడే మానేసి విశాఖ వెళ్లారు. మిగతావాళ్లు పనికి వస్తున్నారు, ప్రశ్నలు అడుగుతున్నారు.

బాబాయి అప్పు తెచ్చేశాడు. నేను చెప్పిన రోజుకు ముందు రోజే. ‘రెండు రోజుల ముందు ఒక్కమాట అంటే ఆగేవాణ్ణి కదా’ అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను. ఆయన నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.


పలాస జీడి (పలాస)

అదే నేను భయపడింది. మీరు చేసింది తప్పని అనను, కానీ అందరికీ ఒకే మాట అన్న న్యాయానికి ఆ ఇల్లు వడ్డీ కడుతోంది. ఆయన దగ్గరికి వెళ్లండి. బొబ్బిలి అక్క సంఘం లాంటిది ఆ ఊళ్లో ఉంటుంది, ఇంట్లో ఆడవాళ్లెవరైనా సభ్యులైతే తక్కువ వడ్డీకి బ్యాంకు అప్పు ఇప్పించి ఆ మూడు రూపాయల అప్పులో కొంతైనా తీర్చే దారి చూడండి.


బొబ్బిలి సంఘం లీడరు

సంఘం పేరు కనుక్కుని ఇక్కడ రాయకుండా నాకు విడిగా పంపండి. మండల సమాఖ్యలో ఎవరిని కలవాలో చెబుతాను.


నూలుకండె (రాజాం)

పిన్ని సంఘంలో ఉంది. రేపే వెళతాను.

ఇంకో మెలిక. రెండు షిఫ్టులైతే బదిలీ కార్మికుల్లో ఎవరిని పిలవాలి, ఎవరిని ఆపాలి? జాబితా నన్నే తయారుచేయమన్నారు. అందులో బాబాయి ఉన్నాడు, మా మేనల్లుడూ ఉన్నాడు.


డిపో పాతకాపు (శ్రీకాకుళం)

చేరిన తేదీ వరస. వేరే ఆలోచనే వద్దు. చేరిన తేదీ పక్కన రాసి గోడకు పెట్టు. తప్పులుంటే చెప్పడానికి నాలుగు రోజులు గడువివ్వు. పైడిభీమవరం ఆయన చెప్పినట్టు ఒకే గీతతో దిద్దు.


సంఘం మనిషి (విజయనగరం)

చేరిన తేదీతోపాటు హాజరు కూడా కావాలి. లే ఆఫ్ ఇస్తే, అంటే పని లేదని తాత్కాలికంగా ఆపితే, హాజరు రోలులో పేరుండి ఏడాది నిరంతర సర్వీసు ఉన్నవాళ్లకు మూల వేతనం, కరువు భత్యం కలిపి అందులో సగం పరిహారంగా ఇవ్వాలి. బదిలీవాళ్లకు ఇది వర్తించదని మీ ఆఫీసులో చెబుతారు. పూర్తిగా నిజం కాదు. బదిలీ కార్మికుడు కూడా ఏడాది నిరంతర సర్వీసు పూర్తిచేస్తే ఆ పరిహారం విషయంలో అతన్ని బదిలీ మనిషిగా చూడకూడదు. పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేస్తే ఏడాది సర్వీసు కిందే లెక్క. మీ జాబితాలో ఒక గడి పెంచి, గత పన్నెండు నెలల్లో ఎవరు ఎన్ని రోజులు వచ్చారో రాయండి. ఆ గడి ఉంటే ఎవరికి ఎంత రావాలో ఎవరూ ఎవరినీ బతిమాలుకోనక్కర్లేదు.


నూలుకండె (రాజాం)

రాస్తాను. హాజరు రిజిస్టర్లు టైమ్ ఆఫీసు నుంచి తెప్పించాను. మేనల్లుడికి 240 రావు, బాబాయికి వస్తాయో లేదో అంచుమీద ఉంది. అందుకే లెక్క నేను ఒక్కణ్ణే చేయడం లేదు. బదిలీవాళ్లే ఇద్దరిని ఎన్నుకున్నారు, ఒకరు ఒడిశా కుర్రాడు. రేపు షిఫ్టు దిగాక టైమ్ ఆఫీసులో ముగ్గురం కూర్చుంటున్నాం. రోజులు చదివేది వాళ్లు, రాసేది నేను.